ఎర్ర అక్షరాలు రాని తప్పులు

2018లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక పరిశోధన అచ్చయింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు 240 మంది సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఇంటికి వెళ్లాక కూడా నర్సుల అండ ఇచ్చారు, రెండో జట్టుకు మామూలు వైద్యమే చేశారు. అండ ఉన్నవాళ్లు మళ్లీ ఆసుపత్రి పాలవడం బాగా తగ్గిందని రాశారు. మరుసటి ఏడాది ఆ వ్యాసాన్ని రచయితలే వెనక్కి తీసుకున్నారు. జట్లకు 1, 2 అని ఉన్న సంకేతాల్ని 0, 1గా మార్చే చోట అటుది ఇటు అయిపోయింది. సరిచేసి చూస్తే నర్సుల అండ ఉన్న జట్టులోనే ఆసుపత్రి చేరికలు ఎక్కువ!

ఇందులో సాఫ్ట్‌వేర్ చేసిన పాపమేమీ లేదు. చెప్పినట్టే చేసింది. ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తే మనిషి ఆగుతాడు, వెతుకుతాడు, తెలిసినవాళ్లని అడుగుతాడు. భయపడాల్సింది అక్కడ కాదు, జవాబు సాఫీగా వచ్చేసిన చోట. గణాంక సాఫ్ట్‌వేర్ల మీద వచ్చే సమీక్షలు ఎక్కువగా దేనిలో ఎన్ని టెస్టులున్నాయి, దేనిలో గ్రాఫులు అందంగా వస్తాయి అని లెక్కపెడతాయి. నాకు మాత్రం అంతకంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: మనం చెప్పకుండా వదిలేసిన చోట ఒక్కో సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏం నిర్ణయించుకుంటోంది?

ఏది నేర్చుకోవాలన్న చర్చను త్వరగా ముగించేద్దాం, ఎందుకంటే అది చాలామందికి చదివిన చదువును బట్టే తేలిపోయి ఉంటుంది. మెడికల్ పీజీలకు ఎస్‌పీఎస్‌ఎస్. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో సాంఘిక శాస్త్రాల కోసం పుట్టి 2009లో ఐబీఎం చేతికి వెళ్లిన ప్యాకేజీ మన దగ్గర డాక్టర్ల సొత్తయింది. ఎకనామిక్స్ వాళ్లకు స్టేటా. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఫార్మా కంపెనీల క్లినికల్ ట్రయల్స్ పనికి వెళ్లేవాళ్లకు శాస్. వ్యవసాయ పరిశోధనలో హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఆప్‌స్టాట్. ఐటీ వైపు నుంచి వచ్చినవాళ్లకు పైథాన్. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఆర్. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ ఆర్ అప్పుడూ ఇప్పుడూ ఉచితమే. వీటన్నిటికంటే ముందు ఎక్సెల్, అది అందరిదీ.

లైసెన్సు లేని ఎస్‌పీఎస్‌ఎస్ హాస్టళ్లలో పెన్‌డ్రైవ్ మీద చేతులు మారుతుందన్నది బహిరంగ రహస్యమే. ఆ అవస్థ పడాల్సిన అవసరం ఇప్పుడు లేదు. జమోవీ, జాస్ప్ రెండూ ఉచితం, మెనూలు దాదాపు అలాగే ఉంటాయి. జమోవీ అయితే మీరు మౌస్‌తో చేసిన పనికి ఆర్ కోడ్ కూడా చూపిస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ ఆదేశాలే అలవాటైనవాళ్లకు పీఎస్‌పీపీ ఉంది. శాస్ సంస్థ విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఉచితంగా వాడుకోనిస్తుంది. డేటా శుభ్రంగా ఉండి, టెస్టు ఏదో స్పష్టంగా తెలిసి ఉంటే వీటిలో దేనితో చేసినా జవాబు ఒక్కటే. గొడవంతా ఆ రెండు షరతుల దగ్గరే.

గళ్లలో జరిగేది

థీసిస్ చేసే ప్రతి మెడికల్ పీజీకీ ఒక మాస్టర్ చార్ట్ ఉంటుంది, ఎక్సెల్‌లో. దాన్ని తెరిస్తే చాలు, సగం కథ తెలిసిపోతుంది. వయసు కాలమ్‌లో 45 అని ఒక గడి, కింద "45 సం." అని ఇంకొకటి, ఆ కింద "6 నెలలు". బీపీ మొత్తం 120/80 అని ఒకే గడిలో. లింగం కాలమ్‌లో ఒకచోట పెద్ద ఎం, ఒకచోట చిన్న ఎం, మరోచోట మేల్, ఇంకోచోట మేల్ తర్వాత కంటికి కనబడని స్పేస్. మనకి ఇవన్నీ ఒకటే, సాఫ్ట్‌వేర్‌కి నాలుగు లింగాలు. షుగర్ ఉన్నవాళ్ల వరుసలకి పసుపు రంగు వేసి ఉంటుంది. ఆ ఫైల్‌ను ఎస్‌పీఎస్‌ఎస్‌లోకి తెచ్చిన క్షణంలో రంగు పోతుంది, రంగుతోపాటే షుగర్ సమాచారమూ పోతుంది.

"45 సం." అన్న ఆ ఒక్క గడి చేసే చేటు చిన్నది కాదు. దానివల్ల కాలమ్ మొత్తం టెక్స్ట్ అయిపోతుంది. ఆర్‌లో అది ఫ్యాక్టర్‌గా మారి ఉంటే, దాన్ని నేరుగా అంకెగా మార్చమన్నప్పుడు వయసులు రావు, అక్షర క్రమంలో వాటి వరుస సంఖ్యలు వస్తాయి. కాలమ్‌లో 100, 18, 45 ఉంటే నూరేళ్ల ముసలాయన 1 అవుతాడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు 2 అవుతాడు. ఎర్రర్ రాదు, సగటు కూడా వస్తుంది. స్టేటాలో డీస్ట్రింగ్ వాడాల్సిన చోట ఎన్‌కోడ్ వాడితే ఇదే తంతు. 2020లో వచ్చిన ఆర్ 4.0.0 నుంచి టెక్స్ట్‌ను తనంతట తానే ఫ్యాక్టర్‌గా మార్చడం మానేసింది కాబట్టి బెడద కొంత తగ్గింది. కానీ సీనియర్ల దగ్గర అందుకున్న పాత కోడ్‌లో ఆ పాత అలవాటు ఇంకా బతికే ఉంటుంది.

తేదీల సంగతి మరీ ఘోరం. కంప్యూటర్‌ అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే 03/04/2022 అని మనం ఏప్రిల్ మూడు రాసుకున్నది మార్చి నాలుగు అవుతుంది. 13/04/2022ను మాత్రం ఎక్సెల్ ముట్టుకోదు, పదమూడో నెల లేదు గనుక. అంటే ప్రతి నెలా 12వ తేదీ దాకా తారుమారై, 13 నుంచి టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. తేదీల కాలమ్‌లో కొన్ని గడికి ఎడమవైపు, కొన్ని కుడివైపు ఆనుకుని కనిపిస్తే రోగం ఇదేనని అనుమానించండి. ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర రాస్తే, లేదా మూడింటికీ మూడు కాలమ్‌లు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

అంకెల్లా కనిపించినా అంకెలు కానివి ఇంకో తరగతి. జనాభా లెక్కల్లో ఉత్తరప్రదేశ్ కోడ్ 09. ఎక్సెల్‌లో తెరిస్తే 9 అయిపోతుంది, తర్వాత వేరే ఫైల్‌తో కలపబోతే కలవదు. పదహారు అంకెల ఖాతా నంబరు ఇస్తే చివరి అంకె సున్నా అయి కూర్చుంటుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది. స్టేటాలో ఇంకా తక్కువకే తెగుతుంది. మామూలు ఫ్లోట్ రకంలో 1,67,77,216 దాటిన పూర్ణాంకాలకు నమ్మకం లేదు. 1234567890 అన్న కుటుంబ సంఖ్యను అందులో పెడితే 1234567936గా మారుతుంది. రెండు కుటుంబాలు ఒకటైపోయినా స్టేటా నోరు మెదపదు. కూడని, తీసెయ్యని, సగటు కట్టని సంఖ్య ఏదైనా టెక్స్ట్‌గా దాచుకోవడమే మేలు.

చెప్పకుండా మార్చేసే ఎక్సెల్ అలవాటు వల్ల జన్యుశాస్త్రం పడ్డ పాట్లు లోకమెరిగినవే. సెప్టెంబర్, మార్చి నెలల పొట్టి పేర్లను పోలిన జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో ఐదోవంతు దాకా ఈ తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో శాస్త్రవేత్తలే జన్యువుల పేర్లు మార్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ ఆ మార్పిడిని ఆపుకునే వీలు ఇచ్చింది 2023లో! అదే 2020లో బ్రిటన్‌లో 15,841 కోవిడ్ కేసులు కొన్ని రోజులపాటు లెక్కలోకి రాలేదు. ప్రయోగశాలల నుంచి వచ్చిన ఫైళ్లను పాత ఎక్సెల్ రూపంలో దించుకోవడమే కారణం. దానికి 65,536 వరుసలే హద్దు. కొత్త రూపానికి 10,48,576. హద్దు దాటిన వరుసలు రాలిపోయాయి, ఆ రోగులు కలిసిన మనుషుల్ని వెతకడమూ అన్ని రోజులు ఆలస్యమైంది.

ఎక్సెల్ మాట వస్తే ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్‌ల పేర్లు ఎత్తకుండా ఎవరూ ఉండరు. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని 2010లో వాళ్లు రాశారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ఇద్దరు ఆచార్యులతో కలిసి ఆ ఫైలే తెచ్చి లెక్క చూస్తే 2.2 శాతం వచ్చింది. సగటు సూత్రం ఐదు దేశాల వరుసల్ని వదిలేసి ఆగిపోయిందన్న కథ అందరికీ నచ్చింది. కానీ ఆ తేడాలో ఎక్సెల్ వాటా చిన్నదే. ఏ ఏళ్లను వదిలేశారు, ఏ దేశానికి ఎంత వెయిట్ ఇచ్చారు అన్నవే పెద్ద వాటా. నింద వేయడానికి ఎక్సెల్ సులువుగా దొరికింది, అంతే.

తెలుగులో డేటా ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో పిచ్చి గీతలు కనిపించేది ఎన్‌కోడింగ్ తెలియక. డేటా మెనూ నుంచి తెచ్చుకుని యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. స్టేటాకు యూనికోడ్ వచ్చింది 2015లో, పద్నాలుగో వెర్షన్‌తో. విండోస్ మీద ఆర్‌లో తెలుగు పేచీ పెట్టడం తగ్గింది 2022 నాటి 4.2.0తో. అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలైతే అసలు యూనికోడే కాదు, ముందు మార్చుకోవాల్సిందే. కంటికి అందని చిక్కు ఒకటుంది. "శ్రీనివాస్‌రావు" అని కొందరు స్ తర్వాత కనబడని జీరో విడ్త్ అక్షరం పెట్టి టైపు చేస్తారు, కొందరు ఊరికే స్పేస్ కొడతారు, మరికొందరికి కీబోర్డే ఆ అక్షరాన్ని పేరు చివర అంటించి వదులుతుంది. తెరమీద రెండూ ఒకేలా ఉన్న పేర్లు కలపమంటే కలవవు. ఆ అక్షరాన్ని ముందే ఏరిపారేశాక కలపండి. అంతకంటే మంచిది, పేర్ల మీద కలపడమే మానేసి ఒక్కో మనిషికి ఒక సంఖ్య ఇవ్వండి.

ఖాళీ గడి విలువెంత?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

రోగి ఆదాయం చెప్పలేదు, గడి ఖాళీ. స్టేటా ఆ ఖాళీని ఏ సంఖ్యకంటేనైనా పెద్దదిగా భావిస్తుంది. ఆదాయం 50,000 దాటినవాళ్లని 1గా గుర్తించమంటే చెప్పనివాళ్లంతా ధనవంతుల లెక్కలో చేరతారు. శాస్ దీనికి సరిగ్గా తలకిందులు. దానికి ఖాళీ అంటే అన్ని సంఖ్యలకంటే చిన్నది. బీపీ 90కంటే తక్కువున్నవాళ్లని తీయమంటే బీపీ చూడనివాళ్లు కూడా షాక్‌లో ఉన్న రోగులైపోతారు. ఆర్ మధ్యేమార్గం: పోలిస్తే తెలియదంటుంది, సగటు అడిగితే ఖాళీలున్నాయి చెప్పలేనంటుంది. కొత్తవాళ్లకు ఇది చిరాకు, నాకు మాత్రం ఇదే మర్యాద అనిపిస్తుంది. అయితే ఆ ఆర్ కూడా టేబుల్ ఆదేశంలో ఖాళీల్ని చెప్పకుండా వదిలేస్తుంది. పైథాన్‌లో ఒకే ఇంట్లో రెండు పద్ధతులు: నంపై ఖాళీని చూసి సగటు చెప్పనంటుంది, పాండాస్ వదిలేసి చెప్పేస్తుంది. గ్రూపులు చెయ్యమంటే పాండాస్ గ్రూపు పేరు లేని వరుసల్నే లేకుండా చేస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో కోరిలేషన్ అడిగితే ఒక్కో జతకు దొరికినంత మందిని తీసుకుంటుంది, రిగ్రెషన్ అడిగితే ఏ ఒక్కటి ఖాళీ ఉన్నా మనిషినే తీసేస్తుంది. ఒకే థీసిస్‌లో ఒక పట్టికలో 187 మంది, పక్క పట్టికలో 142 మంది కనిపించేది అందుకే. పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది.

ఖాళీ గడైతే కనీసం కనబడుతుంది. 99, 999 అని రాసిన ఖాళీలు ఇంకా ప్రమాదం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా తీసుకోండి. అందులో మహిళల బీఎంఐ 21.35 అయితే 2135 అని ఉంటుంది, దాన్ని 100తో భాగించుకోవాలి. కొలత అసంబద్ధంగా వచ్చినవాళ్లకు 9998 అని ఉంటుంది. భాగించేశారనుకోండి, అది 99.98 అవుతుంది. అంటే జాబితాలో లేని ఒక స్థూలకాయురాలు పుట్టుకొస్తుంది. హిమోగ్లోబిన్‌లోనూ అంతే. 115 అంటే 11.5 గ్రాములు, 995 అంటే పరీక్షకు ఒప్పుకోలేదని. పదితో భాగిస్తే ఒప్పుకోని ఆవిడకు 99.5 గ్రాముల రక్తం పడుతుంది. ఏ కాలమ్‌నైనా లెక్కలోకి తీసుకునేముందు కనిష్ఠం, గరిష్ఠం, ఎంతమంది ఖాళీ అన్న మూడూ చూడటానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం పెట్టినవాళ్లు తక్కువ.

అడగకపోతే ఏం చేస్తుంది

ఒక చిన్న లెక్క చూద్దాం. కొత్త మందు ఇచ్చిన 20 మందిలో 12 మందికి తగ్గింది, పాత మందు ఇచ్చిన 20 మందిలో ఐదుగురికి తగ్గింది. కై స్క్వేర్ టెస్టు చెయ్యాలి. స్టేటా 5.01 ఇస్తుంది, పీ వాల్యూ 0.025. ఆర్ అదే పట్టికకు 3.68 ఇస్తుంది, పీ వాల్యూ 0.055. ఒక చోట మందు పనిచేసింది, ఇంకో చోట రుజువు కాలేదు. డేటా ఒకటే, టెస్టు పేరు ఒకటే! రెండు వరుసలు, రెండు నిలువుల పట్టిక అయితే ఆర్ అడక్కుండానే యేట్స్ సవరణ చేస్తుంది, స్టేటా చెయ్యదు. ఎస్‌పీఎస్‌ఎస్ రెండూ పక్కపక్కన అచ్చువేసి ఊరుకుంటుంది, మనవాళ్లు నచ్చినదాన్ని థీసిస్‌లో ఎక్కిస్తారు. సవరణ ఉండాలా వద్దా అన్నది పెద్దల మధ్యే తేలని వాదన. నా ఉద్దేశం ఇంతే: ఏది చేస్తారో డేటా చూడకముందే ప్రోటోకాల్‌లో రాసుకోండి, అచ్చులో కూడా ఆ మాట రాయండి.

అదే పట్టిక అడుగున ఎస్‌పీఎస్‌ఎస్ ఇచ్చే ఫుట్‌నోట్ ఒకటుంది, ఎన్ని గళ్లలో ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ 5కంటే తక్కువుందో చెప్పేది. వర్డ్‌లో అతికించేటప్పుడు అందంగా ఉండదని దాన్ని కత్తిరించేస్తారు. ఫిషర్ టెస్టు చెయ్యాలో వద్దో చెప్పేది ఆ ఒక్క లైనే.

ఇలాంటి తేడాలు ఒకటి రెండు కావు. 1 నుంచి 10 దాకా అంకెల మొదటి క్వార్టైల్ ఎంత? ఆర్, ఎక్సెల్ మామూలు సూత్రం 3.25 అంటాయి, ఎస్‌పీఎస్‌ఎస్ 2.75 అంటుంది, శాస్ 3 అంటుంది. క్వార్టైల్ కట్టడానికి తొమ్మిది పద్ధతులున్నాయని హిండ్‌మన్, ఫాన్ 1996లోనే జాబితా వేశారు. వందల మంది ఉంటే ఈ తేడా కరిగిపోతుంది, ఇరవై మందిలో కనబడుతుంది. రెండు జట్ల సగటులు పోల్చే టీ టెస్టులో ఆర్ రెండు జట్ల వేరియన్స్‌లు వేరని అనుకుని మొదలుపెడుతుంది, స్టేటా, పైథాన్‌లోని సైపై ఒకటేనని అనుకుంటాయి. నంపై స్టాండర్డ్ డీవియేషన్ కట్టేటప్పుడు మొత్తం సంఖ్యతో భాగిస్తుంది, పాండాస్ ఒకటి తగ్గించి భాగిస్తుంది. పైథాన్ సైకిట్ లెర్న్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ అంటే అడక్కుండానే పెనాల్టీ వేసిన రిగ్రెషన్. దాని కోఎఫిషియంట్లను నేరుగా ఆడ్స్ రేషియోలుగా రాసేవాళ్లు ఈ సంగతి ఎరగరు.

లాజిస్టిక్ దగ్గర అసలు ముప్పు దిక్కు తిరగబడటం. శాస్‌లో ఫలితం 0, 1గా ఉండి ఏది కావాలో చెప్పకపోతే 0 వచ్చే అవకాశాన్ని లెక్కిస్తుంది, అంటే చావు గురించి అడిగితే బతుకు గురించి చెబుతుంది. లాగ్‌లో ఆ మాట రాస్తుంది కూడా, లాగ్ చదివేదెవరు? ఎస్‌పీఎస్‌ఎస్‌లో పొగతాగడాన్ని కేటగరీగా ప్రకటిస్తే చివరి వర్గాన్ని, అంటే తాగేవాళ్లని ప్రమాణంగా పట్టుకుంటుంది. 2.5 రావలసిన ఆడ్స్ రేషియో 0.4గా వస్తుంది. ఆర్, స్టేటా మొదటి వర్గాన్ని పట్టుకుంటాయి. పొగ తాగితే గుండెజబ్బు తగ్గుతుందని వస్తే ఎవరైనా ఉలిక్కిపడి చూస్తారు. కొత్త మందు సంగతిలో ఏది సహజమో ముందే తెలియదు కాబట్టి ఉలికిపాటు ఉండదు. అందుకే రిగ్రెషన్‌కు ముందు మామూలు పట్టిక ఒకటి వేసి శాతాలు ఎటు మొగ్గాయో చూసుకోవాలి.

వ్యవసాయ విద్యార్థులకు ఇంకో హెచ్చరిక. వరిలో నీటి యాజమాన్యం పెద్ద మడుల్లో, నత్రజని మోతాదులు వాటి లోపలి చిన్న మడుల్లో వేసే స్ప్లిట్ ప్లాట్ ప్రయోగాన్ని మామూలు రెండు ఫ్యాక్టర్ల అనోవా మెనూలో పెడితే, పెద్ద మడుల తేడాను కూడా చిన్న మడుల ఎర్రర్‌తోనే కొలుస్తుంది. పెద్ద మడులు నిజానికి ఉన్నవి కొన్నే కదా. నీటి ప్రభావం లేకున్నా ఉన్నట్టు చుక్కలు పడతాయి. ఆప్‌స్టాట్‌లో స్ప్లిట్ ప్లాట్‌కు విడిగా మెనూ ఉంది. ఆర్‌లో ఎర్రర్ పదాన్ని మనమే రాసి చెప్పాలి, చెప్పకపోతే దానికి తెలిసే మార్గం లేదు.

బరువులు, జిల్లాలు

ప్రభుత్వ సర్వేల యూనిట్ డేటా ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంది. 2019-21 నాటి ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ నుంచి దాదాపు 27,500 మంది మహిళలు ఉంటే ఆంధ్రప్రదేశ్ నుంచి 11,000 మందే. జనాభాలో ఆంధ్రప్రదేశ్ పెద్దది. శాంపిల్ జిల్లాలవారీగా తీశారు, అందులో తెలంగాణవి 31 జిల్లాలు, ఆంధ్రావి 13. రెండు తెలుగు రాష్ట్రాల సగటు కావాలని రెండింటినీ కలిపి వెయిట్ వేయకుండా లెక్క కడితే వచ్చేది డెబ్బై శాతానికి పైగా తెలంగాణ సగటే. వెయిట్ కాలమ్ వీ005 ఫైల్‌లోనే ఉంటుంది, దాన్ని పది లక్షలతో భాగించి వాడాలి. జాతీయ శాంపిల్ సర్వేల్లో చాలా రౌండ్లకు మల్టిప్లయర్‌ను కొన్ని వరుసల్లో 100తో, కొన్నింటిలో 200తో భాగించాలి. ఏది ఎప్పుడన్నది ఫైళ్లతోపాటు వచ్చే రీడ్‌మీలో ఉంటుంది. అది చదవకుండా మొదలుపెట్టొద్దు.

వెయిట్ వేయడంలోనూ ఒక గుంట ఉంది. ఎస్‌పీఎస్‌ఎస్ మామూలు వెయిట్ మెనూ బరువును మనుషుల సంఖ్యగా తీసుకుంటుంది. జాతీయ శాంపిల్ మల్టిప్లయర్ అందులో పెడితే కొన్ని వేల కుటుంబాలు కోట్ల కుటుంబాలైపోతాయి. ఇక ఏం పోల్చినా పీ వాల్యూ సున్నాయే. శాతాలు సరిగ్గానే వస్తాయి కాబట్టి అనుమానం రాదు. దానికి కాంప్లెక్స్ శాంపిల్స్ మాడ్యూల్ విడిగా కొనాలి. స్టేటాలో ఎస్‌వీవై ఆదేశాలు, ఆర్‌లో థామస్ లమ్లీ రాసిన సర్వే ప్యాకేజీ ఈ పనికే ఉన్నాయి. క్లస్టర్, స్ట్రాటమ్, వెయిట్ మూడూ ఒకసారి చెబితే చాలు. ఇక్కడ మాత్రం నాకు మొహమాటం లేదు: సర్వే డేటా చేసేవాళ్లు ఎస్‌పీఎస్‌ఎస్ వదిలి ఈ రెండింట్లో ఒకదానికి మారడమే మంచిది.

రెండు ఫైళ్లను కలిపేటప్పుడు ముందు వరుసలెన్ని, తర్వాత వరుసలెన్ని అన్నది కాగితం మీద రాసుకోండి. ఆర్‌లో మర్జ్ రెండింట్లోనూ ఉన్నవాటినే ఉంచి మిగతావి పారేస్తుంది, ఒక్క మాట చెప్పదు. స్టేటా ప్రతి వరుస ఎక్కడిదో చెప్పే కాలమ్ తయారుచేసిపెడుతుంది, మనవాళ్లు దాన్ని చూడకుండానే తుడిచేస్తారు. అనేకానికి అనేకం కలిపే పద్ధతి వద్దని స్టేటా మాన్యువలే చెబుతుంది. మన దగ్గర దీనికి తోడు జిల్లాల గొడవ. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. 2011 నాటి వరంగల్, 2022 నాటి వరంగల్ ఒకే జిల్లా కాదు, ఒకే పేరు మాత్రమే. పేరు మీద కలిపితే సాఫ్ట్‌వేర్ ఆనందంగా కలుపుతుంది, మిగతా జనాభా ఏమైందని అడగదు. మండలాల పట్టిక ఒకటి తయారుచేసుకుని పాత జిల్లాల్లోకి మడిచి పోల్చడం తప్ప దగ్గరి దారి లేదు.

రాసిపెట్టుకోవడం

మెనూలో మౌస్‌తో చేసిన పని ఆరునెలలకి ఎవరికీ గుర్తుండదు. గైడ్ "ఆ నలుగురు రోగుల్ని తీసేసి మళ్లీ చెయ్" అన్నప్పుడు మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఓకే బదులు పక్కనున్న పేస్ట్ నొక్కితే ఆదేశం సింటాక్స్ కిటికీలో పడుతుంది, అక్కడ నడుపుకోవచ్చు, దాచుకోవచ్చు. ఇప్పటికే ఓకేలు నొక్కేసినవాళ్లు జర్నల్ ఫైల్ వెతకండి, ఎస్‌పీఎస్‌ఎస్ చేసిందంతా అందులో తనే రాసుకుని ఉంటుంది. సెలెక్ట్ కేసెస్‌తో ఆడవాళ్లని మాత్రమే ఎంచుకుని, మర్చిపోయి, తర్వాత పట్టికలన్నీ సగం మందితోనే వేసుకున్నవాళ్లు ఎందరో. కింద కుడిమూల ఫిల్టర్ ఆన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

స్టేటాలో డూ ఫైల్, లాగ్ ఫైల్ రెండూ పెట్టుకోవాలి. అందులో సార్ట్ చేస్తే సమాన విలువలున్న వరుసలు ప్రతిసారీ వేరే క్రమంలో పడొచ్చు, ఆ తర్వాత ప్రతి ఇంటి నుంచి మొదటి మనిషిని తీస్తే నిన్నటి జవాబు ఇవాళ రాదు. స్టేబుల్ అని చేర్చడం, లేదా మనిషి సంఖ్యను కూడా సార్ట్‌లో కలపడం మందు. ఆర్‌లో మూసేటప్పుడు వర్క్‌స్పేస్ దాచమంటావా అని అడిగితే వద్దనండి. నిన్నటి డేటా పేరుతో ఇవాళ లెక్కలు నడిచేది దానివల్లే. సీడ్ పెట్టినా సరిపోని సందర్భం కూడా ఉంది: 2019లో 3.6.0 నుంచి ఆర్ శాంపిల్ తీసే పద్ధతే మారింది, పాత సీడ్‌కు కొత్త మనుషులు వస్తారు. అందుకే థీసిస్‌లో సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు వెర్షన్ రాయమనేది, అది ఊరికే లాంఛనం కాదు.

పీ వాల్యూ 0.000 అని రాయకండి. పాత ఎస్‌పీఎస్‌ఎస్ మూడు దశాంశాల దాకా చూపించి ఆగేది, దాని అర్థం 0.001కంటే తక్కువని. కొత్త వెర్షన్లు 0.001కంటే తక్కువ అనే చూపిస్తున్నాయి కూడా.

ఈమధ్య కోడ్ రాసే పని చాట్‌బాట్‌లకు వెళ్లింది. నిజం చెప్పాలంటే సింటాక్స్ విషయంలో అవి చాలామంది ట్యూటర్లకంటే నయం. ఎర్రర్ వచ్చే కోడ్ ఇస్తే ఏ గొడవా లేదు. నడిచే కోడే ఇస్తాయి. అందులో ఖాళీల్ని ఏం చేసిందో, ఏ వర్గాన్ని ప్రమాణంగా పట్టుకుందో, 995ను తీసేసిందో లేదో అడిగితే తప్ప చెప్పవు. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న షీట్‌ను వాటికి అప్పగించకూడదు. పేర్లు తీసేసి, పదిమంది కల్పిత రోగుల చిన్న పట్టిక చేసి, అందులో కావాలని రెండు ఖాళీలు పెట్టి నడిపి, చేత్తో లెక్కకట్టిన జవాబుతో సరిపోయిందో లేదో చూడండి.

సర్వే డేటా చేసేవాళ్లకు అంతకంటే గట్టి పరీక్ష చేతిలోనే ఉంది, అచ్చయిన నివేదిక. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. మీ సొంత ప్రశ్న మొదలుపెట్టేముందు ఈ రెండు అంకెల్ని మీ కోడ్‌తో రాబట్టండి. రాకపోతే వెతకాల్సిన చోట్లు కొన్నే: వెయిట్ వేశారా, పరీక్షకు ఒప్పుకోనివాళ్ల కోడ్‌లు తీసేశారా, గర్భిణులకు 11 గ్రాములు, మిగతావాళ్లకు 12 గ్రాములు హద్దు పెట్టారా, ఎత్తైన ప్రదేశాన్నీ పొగ తాగే అలవాటునూ లెక్కేసి సవరించిన హిమోగ్లోబిన్ కాలమ్ తీసుకున్నారా, సవరించనిది తీసుకున్నారా. దశాంశం తర్వాతి అంకెతో సహా సరిపోయినప్పుడు ఆ కోడ్‌ను విడిగా ఒక పేరుతో దాచుకుని, కాపీ మీద మీ పని మొదలుపెట్టండి.